మావయ్య నెత్తికి రెండు రోజుల చీకటి

మా మావయ్య గురించి రాయాలంటే నెత్తి మీద నుంచే మొదలుపెట్టాలి. నాకు ఊహ తెలిసేనాటికే ఆయనది బట్టతల. ఆ బట్టతల మీద బొల్లి. ఒకచోట గోధుమరంగు, ఒకచోట గులాబీరంగు, మధ్యలో సముద్రాలు, ద్వీపాలు, చెవి వెనక ఒక చిన్న సింహళం. నేను ఆయన భుజాల మీద కూర్చునే భూగోళం నేర్చుకున్నానని మా అమ్మ అంటుంది. అది అతిశయోక్తి. నేను నేర్చుకున్నది ఒక్క ఆఫ్రికా మాత్రమే.

ఆయన మా అమ్మ తమ్ముడు. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి, వెల్డరుగా మొదలై, కాంట్రాక్టరుగా స్థిరపడ్డాడు. గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లు, జాముల్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కప్పుల పని. ఇల్లు ముందు, వర్క్‌షాపు షెడ్డు వెనక, మధ్యలో పెరడు, పెరట్లో బాత్రూము. ఈ వరస నేను ఊరికే చెప్పడం లేదు. ఈ కథలో ఆ బాత్రూముకి పని ఉంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు చూస్తాడని మావయ్య హెల్మెట్ పెట్టుకునేవాడు. రేకుల మీదికి ఎక్కగానే తీసి, తిరగేసి, అందులో నట్లు, బోల్టులు వేసుకునేవాడు. "గాలాడదల్లుడూ" అనేవాడు. మే నెలలో భిలాయి రేకుల కప్పు మీద ఏ గాలి ఆడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అలా ఎండాకాలం తర్వాత ఎండాకాలం, బోల్టులు నీడలో ఉండేవి, నెత్తి ఎండలో ఉండేది.

కొన్నేళ్ళ కిందట ఆ నెత్తి మీద గరుకు మచ్చలు లేచాయి. కంటికి పెద్దగా ఆనవు. వేలితో రాస్తే తెలుస్తాయి, ఇసుక అంటుకుని ఆరిపోయినట్టు. ఎడమ కణత పైన ఉన్నది మాత్రం మందంగా, పెచ్చు కట్టి ఉండేది. ఆయన వాటికి 'తుప్పు' అని పేరు పెట్టాడు. తుప్పుకి ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అద్దం ముందు కూర్చుని, కొబ్బరినూనె రాసుకుని, సన్నరకం ఎమరీ కాగితంతో నెత్తి రుద్దుకుంటున్నాడు.

"మావయ్యా, అది ఇనుముకి!"

"ఇనుముకి ఇంకా గరుకుది వాడతారు. ఇది ఇత్తడికి" అన్నాడు.

వంటగదిలోంచి అత్త తొంగిచూసి, "రుద్దనీ బాబూ. ఆ బుర్రకి ఒకపాలి మెరుగొస్తే దీపాలు పెట్టక్కర్నేదు" అంది.

మా ఇల్లు అదే ఊళ్ళో, మరోదాలో. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరింగ్, చేసేది ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే ఉద్యోగం. దేన్నయినా అంచనాతో వదిలేస్తే నాకు అన్నం సహించదు. ఆ పెచ్చు కింద నెత్తురు కనిపించాక మావయ్యని ఒక చర్మవైద్యురాలి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ భూతద్దంతో తలంతా చూసింది. కణత మీది పెచ్చులో ఆవగింజంత ముక్క తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇది కాన్సరు కాదు అంకుల్‌జీ. దాని ముందు మెట్టు. మనలాంటి రంగువాళ్ళకి ఇది అరుదు, ఎందుకంటే మన చర్మానికి సొంత గొడుగు ఉంటుంది. మీ తలమీద ఆ గొడుగు ఎప్పుడో పోయింది. పోయిన చోటే తీసుకెళ్ళి ఎండబెట్టారు."

"వడియాల్నాగ" అంది అత్త.

"అన్నీ కాన్సరు అవ్వాలని లేదు. కానీ ఏది అవుతుందో ముందుగా చెప్పలేం. కణత మీదిది నాకు నచ్చలేదు. దీపంతో చేసే చికిత్స రెండుసార్లు చేద్దాం, మధ్యలో కొన్ని వారాలు ఆగి. అప్పటికీ ఇది మొండికేస్తే కోసి తీసెయ్యాల్సిందే."

కోయడం అన్న మాటకి మావయ్య ముఖం మారిపోయింది. గ్యాస్ కట్టర్‌తో ఇంత మందం దూలాలు కోసే మనిషి, వేలికి ముల్లు గుచ్చుకుంటే అత్త చేత తీయించుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. "దీపమే ఎట్టండి" అన్నాడు వెంటనే. అంటే, తేలవలసింది ఒక్కటే: కణత మీది పెచ్చు దీపానికి లొంగుతుందా, కత్తి దాకా పోతుందా. లొంగడానికి మావయ్య చెయ్యవలసిందీ ఒక్కటే: చెప్పినట్టు వినడం. నాకు భయం వేసింది ఈ రెండో అంశం దగ్గరే.

చికిత్స రోజున ముందుగా డాక్టరమ్మ చిన్న చెంచాలాంటి పరికరంతో పెచ్చుల పైపొర గీకింది. మావయ్య ఎగిరినంత పని చేశాడు.

"సూసినావా అల్లుడూ! నాను ఎమరీతో సేసిందీ ఇదే కదేటి? ఆవిడ సేస్తే వైద్యం, నాను సేస్తే పిచ్చా?"

"ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ.

"మీ పనితనం బాగుందంటున్నారు" అన్నాను.

తర్వాత నెత్తికి క్రీము పట్టించి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వెలుతురు సోకకుండా చపాతీలు చుట్టే వెండిరేకు చుట్టారు. మూడు గంటలు అలా కూర్చోవాలి. పాడైన కణాలు ఆ క్రీముని ఆత్రంగా పీల్చుకుని, లోపల వెలుతురు తగిలితే విషమయ్యే పదార్థంగా మార్చుకుంటాయి. మంచి కణాలు అంతగా ముట్టవు. అప్పుడు ఎర్ర దీపం వేస్తే పీల్చుకున్నవి పీల్చుకున్నట్టే చస్తాయి. ఇదంతా నేను మావయ్యకి బొమ్మ గీసి మరీ చెప్పాను.

"అంటే మందు పోసి, మత్తెక్కాక పట్టుకోడం" అన్నాడు.

నా బొమ్మ కంటే అదే నయం.

ఆ మూడు గంటలూ మావయ్య వరండాలో వెండి బుర్రతో కూర్చుని, ఫోనులో రేకుల డీలరుతో హిందీలో పోట్లాడాడు. చేతులు ఊపినప్పుడల్లా ట్యూబ్‌లైటు నెత్తి మీద మెరిసేది. ఎదురుగా కూర్చున్న ఒకావిడ నా వైపు వంగి, "భయ్యా, దిమాగ్ కా ఇలాజ్ హై క్యా?" అని అడిగింది. బుర్రది చెయ్యి దాటిపోయిందనీ, ఇది పైన చర్మం వరకేననీ చెప్పాను. ఆవిడ జాలిగా తలూపింది.

దీపాన్ని చూసి మావయ్య నిరాశపడ్డాడు. కొలిమంత యంత్రాన్ని ఊహించుకున్నాడు. "ఇదేటల్లుడూ, కోడిపిల్లలకి ఎట్టే లైటునాగుంది" అన్నాడు. కళ్ళకి అద్దాలు పెట్టారు, దీపం వేశారు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత నెత్తి మీద కందిరీగల తుట్టె కూలినట్టుందట. నర్సు చల్లగాలి గొట్టం పట్టుకుంది. మావయ్య తిట్లు అందుకున్నాడు, వరస తప్పకుండా: ముందు దీపం చేసినవాడిని, తర్వాత దాన్ని కనిపెట్టినవాడిని, తర్వాత నన్ను, చివరికి నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీని. డాక్టరమ్మని మాత్రం 'మీరు' అంటూనే తిట్టాడు. పది నిమిషాల్లోపే అయిపోయింది. లేచాక అద్దాలు తీసి, "పరవానేదు" అన్నాడు.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రెండు రోజులు ఎండ తగలకూడదు. కిటికీ పక్కన కూర్చోకూడదు. ఇంట్లో కూడా పెద్ద లైట్లు వద్దు. నెత్తిలో మందు ఇంకా మిగిలే ఉంటుంది, వెలుతురు ఏదైనా దానికి ఒకటే. సన్‌స్క్రీన్ రాసుకుని వెళ్తానని మావయ్య బేరం పెట్టాడు. అది ఈ వెలుతురుని ఆపదని ఆవిడ చెప్పింది. మావయ్య నెత్తికి గమ్‌ఛా తువ్వాలు చుట్టి కారెక్కించాను. మా ఊళ్ళో గమ్‌ఛా చుట్టుకున్నవాడిని ఎవరూ రెండోసారి చూడరు.

ఇంట్లో అత్త కిటికీలకి దుప్పట్లు కట్టింది. చీకట్లో మంచం మీద మావయ్యని కూర్చోబెట్టి నేను వెళ్ళిపోయాను. పట్టపగలు మంచం మీద ఉండటం ఆయన పెళ్ళయ్యాక అదే మొదలు. "సిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు కూడా ఇలగ కట్టీలేదు" అని నాలుగుసార్లు ఫోను చేశాడు.

మర్నాటి పొద్దున్న అయిదోసారి ఫోను మోగింది. ఈసారి అత్త.

"బాబూ, మీ మావయ్య నెత్తి బూరెనాగ పొంగిపోనాది. కళ్ళు కనపడ్డం నేదు."

వెళ్ళి చూశాను. నెత్తి ఎర్రగా ఉబ్బి, బొబ్బలెక్కి, ఆ వాపు కనురెప్పల మీదికి జారింది. ఆ స్థితిలోనూ ఆయన తీరిగ్గా లేడు. శ్రీకాకుళంలో ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేస్తున్నాడు.

"మిషనండీ! మిషను కాల్చీసింది. మా అల్లుడు ఇంజనీరు, ఆడి మాట ఇని పోయినాను. రెండోపాలి ఇంక ఎల్లను. ఎల్లనంటే ఎల్లను."

నాకు భయం వేసినవి రెండు. ఒకటి, ఆ వాపు. రెండు, ఆ 'ఎల్లను'. రెండోసారి మానేస్తే కణత మీద పెచ్చు అక్కడే ఉండిపోతుంది. అది ఎటు నడుస్తుందో చెప్పలేమని డాక్టరమ్మ అంది. మావయ్య కత్తి దగ్గరికి ఎలాగూ వెళ్ళడు. అంటే అది నడిచినంత దూరం నడుస్తుంది. అత్త ఆయన మాట వినలేదు. గమ్‌ఛా చుట్టి, చెయ్యి పట్టి, కారులోకి తోసింది.

డాక్టరమ్మ చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. భయపడుతుందనుకున్నాను. కుతూహలపడింది.

"నిన్న బయటికి వెళ్ళారా?"

"ఎక్కడా నేదు మేడమ్. కసమ్ సే" అన్నాడు మావయ్య.

"మరి ఈ గీత ఏమిటి?"

అప్పుడు చూశాను. కొలతలు నా ఉద్యోగం, అయినా వాపు కంగారులో గమనించలేదు. ఒక చెవి పైనుంచి ఇంకో చెవి పైదాకా, నుదుటికి కాస్త ఎగువన, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత ఉంది. గీతకి పైన అంతా బొబ్బలు. కింద మామూలు ఎరుపు, అంతే.

"నా దీపం ఇంత తిన్నగా గీతలు గియ్యదు అంకుల్‌జీ" అంది. బల్ల మీది ఫైలు తీసి, నిలువుగా ముఖానికి అడ్డం పెట్టుకుని, మెడ వంచి, నేల మీద పని చూస్తున్నట్టు వంగింది. అచ్చం వెల్డరు చేతిలో పట్టుకునే షీల్డు వెనక వంగినట్టు ఉంది. ముఖం మొత్తం ఫైలు నీడలో ఉంది. నడినెత్తి మాత్రం మా వైపు తిరిగి ఉంది.

"ఇది భిలాయి అంకుల్‌జీ. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మెడ మీద ఇలాంటివి తెస్తారు. ఎవరు చేశారు వెల్డింగు?"

మావయ్య నేలని పరిశీలించాడు. అత్త ఆయన్ని పరిశీలించింది.

"రాత్రి భోజనాలకి ముందు బాత్రూముకెల్తానని ఎల్లి, అరగంటకి రాలేదు. కడుపు బాగోనేదేమో అనుకున్నాను" అంది నెమ్మదిగా. "వాము నీళ్ళు కూడా కాసి ఇచ్చినాను."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వెనక షెడ్డులో ఒక స్కూలు గేటు తయారవుతోంది. మావయ్య చీకటిగదిలో పడుకుని దాని చప్పుడు విన్నాడు. వెల్డింగు సరిగ్గా సాగుతుంటే నూనెలో వడ వేగినట్టు ఒకే తీరున వినిపిస్తుందంటాడు. ఆ సాయంత్రం వడ మాడుతోంది. కొంతసేపు ఓర్చుకున్నాడు. పొద్దుగుంకింది కదా, ఎండ లేదు కదా అని లెక్క వేశాడు. బాత్రూము పేరు చెప్పి పెరడు దాటాడు. వెల్డరు చేతిలోంచి హోల్డరు లాక్కుని, "ఇలగ" అని చూపిస్తూ రెండు రాడ్లు కాల్చాడు.

"కళ్ళకి షీల్డు పెట్టుకున్నాను కదా" అన్నాడు, అదేదో తన జాగ్రత్తకి సాక్ష్యం అయినట్టు.

"ఎండలోకి వెళ్ళొద్దన్నాను. మీరు సూర్యుణ్ణే పెరట్లోకి పిలిపించుకున్నారు" అంది డాక్టరమ్మ.

"పిలిచి వాము నీళ్ళు కూడా తాగినారు" అంది అత్త.

డాక్టరమ్మ వాపుకి మందులు రాసింది. తర్వాత గీత కింద, ఎడమ కణత మీద వేలు పెట్టింది. అది షీల్డు నీడలో ఉండిపోయిన చోటు, దీపం తప్ప ఇంకేమీ తగలని చోటు. అక్కడ బొబ్బ లేదు, వాపు లేదు. ఇంకో పది రోజుల్లో పెచ్చు రాలితే ఎంత మిగిలిందో తెలుస్తుందంది. మావయ్య అద్దం అడిగి తీసుకుని, ఉబ్బిన రెప్పల సందులోంచి ఆ గీతని చాలాసేపు చూసుకున్నాడు. గీతకి పైన తన పని, కింద ఆవిడ పని. పక్కపక్కనే ఉన్నాయి. వెల్డింగు తనిఖీ చేసే మనిషికి ఆ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కారు ఇల్లు చేరాక మావయ్య, "రెండోపాలి ఎప్పుడన్నాది?" అని అడిగాడు.

పెచ్చు రాలింది. కింద మందం సగానికి తగ్గింది కాని పోలేదు. బొబ్బలు మాని, నెత్తి కొత్త దేశాలతో మళ్ళీ తేరుకుంది. ఇక రెండోసారికి ఏర్పాట్లు చెయ్యాలి. మావయ్య మాట ఇచ్చాడు. అత్త ఆ మాట తీసుకోలేదు. అప్పుడు నాకు మా ఫ్యాక్టరీ పద్ధతి గుర్తొచ్చింది. యంత్రం లోపల మనిషి పని చెయ్యాలంటే ముందు షట్‌డౌన్ తీసుకుంటాం. మెయిన్ స్విచ్ దించి, పని చేసేవాడు తన సొంత తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. మేనేజరు వచ్చి అరిచినా సరే, వేసినవాడే తియ్యాలి. మావయ్య తన మనుషుల చేత ఏళ్ళ తరబడి పాటింపజేసిన పద్ధతి ఇది. ఒకసారి తాళం లేకుండా లోపలికి దిగిన వెల్డరుని ఆ రోజే ఇంటికి పంపేశాడు.

క్లినిక్కుకి బయల్దేరే ముందు ముగ్గురం షెడ్డుకి వెళ్ళాం. మెయిన్ దించాం. అత్త తన బియ్యం డబ్బాల గది తాళం తెచ్చి వేసింది. దాని తాళంచెవి మొలకి దోపుకుంది. వెల్డరు భయ్యాకి రెండు రోజులు సెలవన్నాం. అతను తాళం వంకా, అత్త వంకా, మావయ్య వంకా చూసి, "బడా షట్‌డౌన్ హై" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. మావయ్య తాళం ఒకసారి లాగి చూసి, పడిందని తలూపాడు. తన రూలే కదా.

రెండోసారి దీపం కింద తిట్లు తక్కువ. కాలేజీ దాకా రాలేదు, నా దగ్గరే ఆగిపోయాయి.

ఆ రెండు రోజులూ నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. మొదటిరోజు బాగానే గడిచింది. చీకట్లో మావయ్య బఠానీలు వలిచాడు, పురుగులున్నవి కూడా గిన్నెలో వేశాడు. రెండో రోజు పొద్దున్నే గోడవతల పక్క షెడ్డులో పని మొదలైంది. ఆ తాళం మన చేతిలో లేదు. ముందు గ్రైండరు మోగింది. తర్వాత చిటపట మొదలైంది.

మావయ్య వలవడం ఆపాడు.

"కరెంటు ఎక్కువెట్టాడు" అన్నాడు.

"ఎట్టుకోనీ" అంది అత్త.

"కన్నం పడిపోద్ది."

"ఆళ్ళ గేటు. ఆళ్ళ కన్నం."

కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఇంకా ఎక్కువగా. నాకు ఆ చప్పుడులో ఏ తేడా తెలియలేదు కాని, మావయ్య ముఖం చూస్తే తెలిసింది. పంటి కింద రాయి పడ్డవాడిలా ఉన్నాడు. బఠానీల పళ్ళెం పక్కన పెట్టాడు. కాళ్ళు కిందికి దించాడు. చెప్పులు వెతుక్కున్నాడు. గమ్‌ఛా ఉంటే పరవాలేదేమో అన్నట్టు ఒకసారి దండెం వైపు చూశాడు.

అత్త లేవలేదు. మొలలోంచి తాళంచెవి తీసి, ఆయన మంచం మీద, పళ్ళెం పక్కన పెట్టింది.

"బాత్రూముకెల్లాలంటే ఎల్లండి" అంది. "వాము అయిపోనాది."

చెప్పు వేసుకున్న కాలు అలాగే ఉండిపోయింది. తర్వాత మావయ్య చేత్తో ఎడమ కణత తడుముకున్నాడు. కాళ్ళు మంచం మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి, దుప్పటి కప్పిన కిటికీని చూస్తూ కరెంటు తగ్గించమని గొంతు చించుకుని అరిచాడు.

"అరే భయ్యా! కరెంట్ కమ్ కర్! కమ్ కర్, మై బోల్ రహా హూఁ!"

అవతల చిటపట ఆగింది. "కౌన్ హై?" అని ఎవరో అడిగారు. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి మళ్ళీ మొదలుపెట్టారు, అదే కరెంటుతో. మావయ్య రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని, మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. అంత బాధ దీపం కింద కూడా పడలేదని తర్వాత చెప్పాడు.

కొన్ని వారాల తర్వాత ముగ్గురం మళ్ళీ క్లినిక్కుకి వెళ్ళాం. డాక్టరమ్మ భూతద్దం పెట్టింది. తర్వాత భూతద్దం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, వేలికొనతో కణత మీద మెల్లగా రాసింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. అత్త నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళతో సహా.

"నున్నగా ఉంది" అంది. "కొయ్యక్కర్లేదు."

తల వెనక ఇంకో చిన్న గరుకు మచ్చ కనిపిస్తే అక్కడికక్కడే దాన్ని గడ్డకట్టించే చల్లటి స్ప్రే కొట్టింది. కొత్తవి రావచ్చనీ, ఆరేసి నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ, హెల్మెట్ నెత్తికే గాని బోల్టులకి కాదనీ చెప్పింది. బోల్టుల సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలుసు. చెప్పినావిడ నా మోచెయ్యి ఇంకా వదల్లేదు.

తిరిగి వస్తుంటే, ఇంకా ఇల్లు చేరకముందే, పక్క షెడ్డు ముందు కారు ఆపమన్నాడు మావయ్య. మావయ్య చెవులు మూసుకున్న రోజున తయారైన గేటు అక్కడే గోడకి ఆనించి ఉంది, ఎవరూ తీసుకెళ్ళలేదు. నెత్తికి టోపీ, దాని మీద గమ్‌ఛా చుట్టుకుని దిగాడు. అతుకు దగ్గర వంగి నిలబడి, కళ్ళు మూసుకుని, వేలికొనతో మెల్లగా రాశాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి.

మా వైపు తిరిగి, డాక్టరమ్మ గొంతంత గంభీరంగా చెప్పాడు.

"ఇది దీపానికి లొంగదు. కోసీడమే."